స్ప్రింగు దగ్గర ఇద్దరు కూర్చోవాలి

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఫోన్లో అన్నీ దొరుకుతున్నాయి. ఏ కారుకు ఏ షాకరు, ఏ బోల్టు ఎంత బిగించాలి, అన్నీ బొమ్మలతో సహా చూపిస్తున్నారు. మంచిదే. మాకు ఆ సుఖం లేదు. తిట్లు తిని నేర్చుకున్నాం. ఫోన్లో దొరకని సంగతులు కొన్ని నా దగ్గర ఉన్నాయి, అవే రాస్తున్నాను.

నా పేరు బాలయ్య. చాంద్రాయణగుట్ట దగ్గర ఒక వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ముందు చక్రాల పని నాది: షాకర్లు, స్ప్రింగులు, బుష్షులు. ఇంజన్ మేస్త్రీలకు ఉండే గొప్ప మాకు ఉండదు. ఇంజన్ ఆగిపోతే బండి యజమాని మేస్త్రీ కాళ్లావేళ్లా పడతాడు. స్ప్రింగు కుంగితే మాత్రం నడుం పట్టుకుని రోడ్లు వేసినవాళ్లను తిడతాడు. మా దగ్గరికి అన్నీ అయిపోయాక వస్తాడు.

రిటైరై మూడేళ్లయింది. లాల్‌దర్వాజా సందులో రెండు గదుల ఇల్లు. మాకు పిల్లలు లేరు. నా భార్య యాదమ్మ పోయి ఏడాది దాటింది. ఈ మధ్య రోజు మొత్తంలో నేను మాట్లాడేది పాలవాడితో రెండు మాటలు, కూరగాయలామెతో నాలుగు. అప్పుడప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. ఒంటరితనం అలవాటవుతుందని చెప్పేవాళ్లుంటారు. నాకు కాలేదు.

గుమ్మం ముందు నిలబడి ఉన్న చిన్న కారు నాదే. ముందు పక్క స్ప్రింగులు కుంగిపోయి, ప్రతి స్పీడు బ్రేకరు మీద టక్కుమనేది. యాదమ్మ మోకాళ్లు పట్టుకుని మూలిగేది. "ఊరందరి బండ్లు నీ చేతుల బాగైతయి, మన బండికే నీకు తీరదు" అనేది. "వచ్చే ఐతారం చేస్త తియ్" అనేవాడిని. ఆ ఆదివారం ఆమె పోయిన ఏడాదికి, ఒక బుధవారం నాడు వచ్చింది. దాని గురించే ఈ రాత. కానీ అంతకుముందు పని గురించి, నా జతగాడి గురించి చెప్పాలి.

ఒకటి, దో, మూడు, చార్

కారు ముందు చక్రం విప్పితే లోపల నిలువుగా ఒక గడ కనిపిస్తుంది. నడుమ షాకరు, దాని చుట్టూ స్ప్రింగు. స్ప్రింగు బండి బరువు మోస్తుంది. షాకరు ఆ స్ప్రింగును ఊరికే ఊగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఆ గడను ఊడదీయడం పెద్ద విద్య కాదు. కింద రెండు బోల్టులు, బానెట్ కింద మూడు నట్లు. విప్పే ముందు కింది బోల్టుల దగ్గర గీత పెట్టుకోండి, తిరిగి అదే చోట బిగించాలి. బ్రేకు పైపును వేలాడనివ్వకండి. జాకీని నమ్మి కింద దూరకండి, స్టాండు పెట్టండి. స్టాండుకు బదులు ఇటుకలు పేర్చే మహానుభావులను చాలామందిని చూశాను. వాళ్లకు నేను దండం పెట్టి పక్కకు తప్పుకునేవాడిని.

అసలు భయం గడ బయటికి వచ్చాక. స్ప్రింగు అందులో నొక్కుకుని, బిగబట్టుకుని ఉంటుంది. పైనున్న నడిమి నట్టును అలాగే విప్పారంటే తుపాకి గుండులా లేస్తుంది. అందుకని ముందు స్ప్రింగును అణచాలి. దానికి కొక్కేలున్న కడ్డీలు రెండు ఉంటాయి. ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి తగిలించి పానాతో తిప్పుతూ పోతే స్ప్రింగు చుట్లు దగ్గరికి వస్తాయి. రెండు పక్కలా సమంగా రావాలి. ఒక పక్క ఎక్కువ తిప్పితే స్ప్రింగు వంగి, కొక్కెం జారుతుంది. జారిన కొక్కెం ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

ఒక్కడే అటోసారి ఇటోసారి తిప్పవచ్చు, చాలాచోట్ల అదే పద్ధతి. మా వర్క్‌షాపులో మాత్రం ఎదురెదురుగా రెండు పీటలు వేసుకుని ఇద్దరం కూర్చునేవాళ్లం. నా జత జహంగీర్ భాయ్. నాకన్నా రెండేళ్లు పెద్ద, యాకుత్‌పురా నుంచి సైకిలు మీద వచ్చేవాడు. పానా తిప్పడంలో బేసి చుట్లు నావి, సరి చుట్లు ఆయనవి. నేను "ఒకటి" అని ఒక చుట్టు తిప్పేవాడిని. ఆయన "దో" అని తన పక్క తిప్పేవాడు. నేను "మూడు", ఆయన "చార్". ఆయన గొంతు వినపడనిదే నా చెయ్యి కదిలేది కాదు. ఇద్దరిలో ఎవరికి తుమ్ము వచ్చినా ఇద్దరం ఆగేవాళ్లం. ఇరవై మూడేళ్లు ఇలాగే లెక్కపెట్టాం, ఒక్క కొక్కెం జారలేదు.

ఒకసారి ఒక కస్టమరు మమ్మల్ని చూసి నవ్వాడు. "క్యా మియా, స్ప్రింగుకు చదువు చెప్తున్నరా?"

"హౌ సాబ్. మీ బండి ఫెయిలైంది గద, అందుకే ట్యూషన్ పెట్టినం" అన్నాడు జహంగీర్, తల ఎత్తకుండా.

మధ్యాహ్నం ఆయన డబ్బాలో ఖట్టీ దాల్, నా డబ్బాలో పచ్చిపులుసు. రెండూ పులుపే, అయినా మార్చుకుని తినేవాళ్లం.

దసరాకు పూసిన నల్లరంగు

తప్పులు బద్ధకం వల్ల జరుగుతాయని అందరూ అనుకుంటారు. నా జీవితంలో పెద్ద తప్పు భక్తి వల్ల జరిగింది.

దసరాకు ముందురోజు వర్క్‌షాపు మొత్తం కడిగేవాళ్లం. పానాలు, జాకీలు కిరసనాయిలుతో తుడిచి, మర్నాడు పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసేవాళ్లం. బూందీ లడ్డూ పంచేటప్పుడు జహంగీర్ భాయ్ అందరికన్నా ముందు చెయ్యి చాపేవాడు. ఆ ఏడు నాకు హుషారు ఎక్కువైంది. జహంగీర్ ఇంటికి వెళ్లాక చూస్తే రాక్ మీద కొత్త స్ప్రింగులు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. అమ్మవారి ముందు ఇలాగేనా అని అన్నీ దించాను. కిరసనాయిలుతో రుద్ది, నల్లరంగు పూసి, వరుసగా పేర్చాను. మర్నాడు మా యజమాని సేఠ్ చూసి "శభాష్ బాలయ్యా" అన్నాడు. ఆయన నోట ఆ మాట అదే మొదలు, అదే ఆఖరు.

స్ప్రింగు చుట్టు మీద ఒక చిన్న రంగు చుక్క ఉంటుంది. ఒకే మోడలు కారులో డీజిలు ఇంజన్ బరువు, పెట్రోలు ఇంజన్ తేలిక. రెండింటి స్ప్రింగులూ చూపుకు ఒకేలా ఉంటాయి, బలం వేరు. ఏది ఏదో చెప్పేది ఆ చుక్క ఒక్కటే. ఆ చుక్కలన్నీ నేను రుద్ది పారేశాను. తెలియక కాదు, బాగా తెలుసు. పూజ ధ్యాసలో తట్టలేదు.

పండగ వెళ్లిన వారంలో ఒక రిటైర్డు పంతులుగారి కారు వచ్చింది. ముందు స్ప్రింగులు రెండూ మార్చాలి. రాక్ మీంచి తీసింది నేను, బిగించింది ఇద్దరం. బండి దించాక జహంగీర్ నాలుగడుగులు వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి చూశాడు.

"బాలయ్యా, కుడి పక్క జర్ర లేచినట్టు కనవడ్తలేదా?"

"కొత్త స్ప్రింగులు భాయ్. నాలుగు దినాలు నడిస్తె కూసుంటయ్."

"చుక్కలు చూసినవా?"

"చూసిన తియ్."

చూడలేదు. చూడ్డానికి అక్కడ చుక్కలు లేవు. ఆయన అడిగిన ఆ క్షణంలోనే నాకు వెలిగింది. మళ్లీ అంతా విప్పాలి, సేఠ్ అడుగుతాడు, మొన్నటి శభాష్ నీళ్లపాలవుతుంది. ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక పక్క డీజిలుది, ఒక పక్క పెట్రోలుది పెట్టుకుని ఆ బండి గేటు దాటింది.

"ఎవడు బిగించిండు?"

నాలుగో రోజు వాన పడింది. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో బస్సు అడ్డం వస్తే పంతులుగారు గట్టిగా బ్రేకు వేశారు. బండి పక్కకు లాగి డివైడరుకు తగిలింది. ఆయనకు ఏమీ కాలేదు, పక్కన కూర్చున్న ఆయన భార్యకు మణికట్టు విరిగింది. కట్టు కట్టిన చేతితోనే ఆమె వర్క్‌షాపుకు వచ్చింది. లొల్లి చేయలేదు. "గిట్లెట్ల బిగించిన్రు బిడ్డా?" అని మాత్రం అడిగింది. రెండు తగిలించినా బాగుండేది.

మా సేఠ్‌ది పాతబస్తీలో తాతల నాటి వ్యాపార కుటుంబం. మనిషి చెడ్డవాడు కాదు, కానీ కోపం ముక్కు మీదే ఉండేది. గల్లా దగ్గర లేచి నిలబడి అరిచాడు. "ఎవడు బిగించిండు?"

జహంగీర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "నేను బిగించిన సేఠ్" అని నా వైపు చూశాడు. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం నేను చెబుతానని ఆగాడు. రోజూ అంతే కదా, ఒకటి ఒకరు అంటే తర్వాతది ఇంకొకరు. నేను చెప్పలేదు. చేతిలో పానాను చూస్తూ నిలబడ్డాను.

"రేపట్నుంచి రాకు" అన్నాడు సేఠ్. జహంగీర్ ఇంకాసేపు ఆగాడు. తర్వాత డబ్బా తీసుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఎందుకు చెప్పలేదయ్యా అని మీరు అడుగుతారు. యాదమ్మకు ఆ నెలలో ఆపరేషన్ ఉంది, ఉద్యోగం పోతే ఎలా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆపరేషన్ నిజమే. భయం అంతకన్నా నిజం. రేపు చెబుదాం అనుకున్నాను. రేపటికి ఇంకొంచెం కష్టమైంది, నెలకు మరీ కష్టమైంది.

యజమానుల గురించి ఒక మాట. ఎట్లా జరిగింది అని అడగకుండా ఎవడు చేశాడు అని అడిగేవాడి దగ్గర నిజం బయటికి రాదు. రేపు మీలో ఎవరైనా వర్క్‌షాపు పెడితే ఇది గుర్తుంచుకోండి. అయితే ఆ నెపం సేఠ్ మీద పెట్టి నేను చేతులు దులుపుకోలేను. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది.

ఆ తర్వాత పదకొండేళ్లు పనిచేశాను. ఎందరో నా ఎదురుగా పీట మీద కూర్చున్నారు. ఎవరితోనూ లెక్క పైకి పెట్టలేదు.

ఒక్కడినే

పోయిన వారం కొత్త స్ప్రింగులు, షాకర్లు తెచ్చుకున్నాను. రెండు స్ప్రింగుల మీదా పసుపు చుక్కలు ఉన్నాయో లేదో దుకాణంలో మూడుసార్లు చూశాను. దుకాణం అతను విసుక్కున్నాడు. విసుక్కోనీ.

బుధవారం పొద్దున ఎడమ చక్రం విప్పి, గడను వాకిట్లోకి తెచ్చి గోనెసంచి మీద పడుకోబెట్టాను. కొక్కేలు తగిలించి అటోసారి ఇటోసారి తిప్పడం మొదలుపెట్టాను. ఒకటి అన్నాను. రెండోది కూడా నేనే అనాలి. అనబుద్ధి కాలేదు. మనసులో అనుకుంటూ తిప్పాను. పన్నెండో చుట్టు దగ్గర పక్కింట్లో కుక్కరు కూసింది. యాదమ్మ పొయ్యి మీద పెట్టి మరచిపోయిందేమో అనుకుని వెనక్కి తిరిగి, ఆమెను పిలవడానికి నోరు తెరిచాను.

మళ్లీ ఇటు తిరిగాక ఏ పక్క తిప్పానో గుర్తు లేదు. తిప్పిన పక్కే మళ్లీ తిప్పాను, ఒకటి కాదు, మూడు చుట్లు. స్ప్రింగు వంగింది. నడిమి నట్టు ఇంకా విప్పలేదు కాబట్టి స్ప్రింగు గడలోనే ఉండిపోయింది. కొక్కెం కడ్డీ మాత్రం నా చెవి పక్కగా లేచిపోయి ఇనుప గేటుకు తగిలింది. గేటు కమ్మీ వంగిపోయింది.

ఆ చప్పుడుకు సందులో ఒక్క తలుపు తెరుచుకోలేదు. పెళ్లి బరాత్ పటాకులకు అలవాటుపడ్డ సందు, వాళ్లను అనడానికి లేదు. నేలమీద అలాగే కూర్చుండిపోయాను. అది నా నెత్తికి తగిలి ఉంటే మర్నాడు పాలవాడు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. చావు గురించి నాకంత ఫికర్ లేదు. తెల్లారేదాకా ఎవరికీ తెలియదన్న మాటే తట్టుకోలేకపోయాను. అప్పుడు ఏడ్చాను. ఈ వయసులో సిగ్గెందుకు, ఏడ్చాను.

చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బయలుదేరాను. జహంగీర్ యాకుత్‌పురా స్టేషన్ దగ్గర సైకిలు పంక్చర్ల దుకాణం పెట్టుకున్నాడని ఎప్పుడో విన్నాను. విన్నప్పటి నుంచి ఆ రోడ్డు మీదుగా పోవడం మానేశాను. పని కోసం పోతున్నానా, మాట చెప్పడానికి పోతున్నానా అని దారంతా ఆలోచించాను. పని సాకు.

యాకుత్‌పురా ఎంత దూరం?

ఇనుప తట్టలో నీళ్లు, నీళ్లలో ట్యూబు, ముందుకు వంగి బుడగలు వెతుకుతున్నాడు. గడ్డం అంతా తెల్లబడింది. హైదరాబాదులో షాకర్ల పని అంత చక్కగా తెలిసిన మనిషి అక్కడ కూర్చుని గాలి కొడుతున్నాడు.

"గాలా, పంక్చరా?" అన్నాడు తల ఎత్తకుండా.

"జహంగీర్ భాయ్."

చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. నేను ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. "దసరాకు చుక్కలు తుడిచింది నేను. నువ్వడిగితె చూసిన అని అబద్ధం చెప్పింది నేను. సేఠ్ ముంగట నోరు మూసుకున్నది నేను."

"నాకెరుకే" అన్నాడు.

"ఎప్పట్సంది?"

"గా దినమే. డబ్బా తీస్కుంటుంటె రాక్ దిక్కు చూసిన. అన్ని నల్లగున్నయ్. నాకు కండ్లు లేవా?"

"మరి సేఠ్‌కు చెప్పకపోతివి?"

"నువ్వు చెప్తవనుకున్న."

ట్యూబు బయటికి తీసి నెమ్మదిగా తుడిచాడు. "సరే, భయమైంది. సేఠ్ ముంగట ఎవనికి కాదు? తెల్లారి ఇంటికి రావొద్దా? తెల్లారి కాకపోతె ఎల్లుండి. పద్నాలుగేండ్లాయె. లాల్‌దర్వాజ నుంచి యాకుత్‌పురా ఎంత దూరం బాలయ్యా? నడిస్తె గంట గూడ పట్టదు గద."

 నౌకరీ పోయినందుకు కాదు ఆయన బాధ. నేను రానందుకు. ఇన్నేళ్లూ నేను తప్పు చోట సిగ్గుపడుతూ కూర్చున్నాను.

"యాదమ్మ పోయింది భాయ్" అన్నాను. 

"విన్న. నేను గూడ రాలే. గది నా తప్పు." ట్యూబు పక్కన పెట్టాడు. "గిప్పుడెందుకొచ్చినవ్?"

"స్ప్రింగు మార్చాలె. ఒక్కన్నే కూసున్న. కొక్కెం ఎగిరింది."

అప్పుడు మొదటిసారి తల ఎత్తాడు. "ఒక్కనివే కూసున్నవా? దిమాగ్ ఖరాబైందా నీకు? ముప్పై ఏండ్లు ఏం నేర్సుకున్నవ్‌రా? కన్ను పోతె ఎవడిస్తడు?" రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకు తెలియలేదు. యాదమ్మ పోయాక నన్ను తిట్టిన మొదటి మనిషి ఆయన.

ఒక పక్క

శుక్రవారం జుమ్మా నమాజ్ తర్వాత ఆటోలో వచ్చాడు, పాత గుడ్డలో తన పానా చుట్టుకుని. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. వాకిట్లో రెండు పీటలు వేసి ఉంచాను. ఏది తనదని అడగకుండా, ఎప్పుడూ కూర్చునే పక్కే కూర్చున్నాడు. వంగిన గేటు కమ్మీని చూశాడు.

"చుక్క చూపియ్" అన్నాడు. కొత్త స్ప్రింగు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చూశాడు. "రెండోది?" అదీ చూపించాను. రెండూ పక్కపక్కన పెట్టించి మరీ చూశాడు. నాకు కోపం రాలేదు.

కొక్కేలు తగిలించాం. నేను "ఒకటి" అని తిప్పి ఆగాను.  సందులో ఎవరో బండి స్టార్టు చేసి వెళ్లిపోయారు. పానా మీద ఆయన వేళ్లు సర్దుకున్నాయి.

"దో."

తర్వాత ఒక్కసారే ఆగాం. పధ్నాలుగు దగ్గర ఆయనకు తుమ్ము వచ్చింది. ముక్కు తుడుచుకుని "చౌదా" అని తిప్పాడు. పాత స్ప్రింగు, పాత షాకరు తీశాం, కొత్త స్ప్రింగును కూడా అలాగే లెక్కపెట్టి అణచి కొత్త షాకరు మీద పెట్టాం, స్ప్రింగు కొన దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో ఇద్దరం వేలితో తడిమి చూశాం. నట్టు బిగించి, ఎంత సమంగా అణచామో అంతే సమంగా వదిలాం. గడ తిరిగి కారులోకి ఎక్కింది, చక్రం బిగిసింది. బండి దించాక చాయ్ ఇచ్చాను, తాగాడు. ఎండ ఇంకా గోడ మీదే ఉంది.

"కుడి పక్క విప్పుదామా?" అన్నాను.

చేతులు తుడుచుకుని పానాను గుడ్డలో చుట్టాడు. "ఇయాల చాలు. వచ్చే జుమ్మాకు వస్త."

"బండి వంకరుంటది భాయ్."

"ఉండనీ. నువ్వు గాని ఒక్కనివే కూసున్నవంటె కాళ్లిరగ్గొడ్త."

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను: స్ప్రింగులు ఎప్పుడూ రెండు పక్కలా ఒకే రోజు మార్చాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది పెట్టి బండిని వదలకూడదు. ఈ నియమం నాకు నేర్పింది జహంగీరే. ముప్పై నాలుగేళ్లలో దాన్ని నేను ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయనా తప్పలేదు.

ఇప్పుడు నా బండి గుమ్మం ముందు కుడి పక్కకు ఒరిగి నిలబడి ఉంది. దాన్ని కదిలించడం లేదు. సందులో అందరికీ వేళాకోళమైంది. "ఏంది తాతా, గింత పెద్ద మేస్త్రీవి, నీ బండే వంకరుంది?" అంటున్నారు. "ఇంకో మనిషి రావాలె" అని చెబుతున్నాను. ఈ మాట రోజుకు పదిసార్లు చెబుతున్నాను, నా గొంతు కొంచెం గాడిన పడింది.

ఈరోజు మంగళవారం. కొక్కేలున్నాయి, పానా ఉంది, నా చేతుల్లో బలం ఇంకా ఉంది. కుడి పక్క స్ప్రింగును ముట్టుకోలేదు. రెండు పీటలూ వాకిట్లోనే ఉంచాను.